పేరు చెప్పలేని మానిటర్లు

"సాయిబులు రిపేర్లు బాగా చేస్తారండీ." ఈ మాట మేం వినని రోజు లేదు. మెచ్చుకోలే, కాదనం. కానీ మా చేతుల్లో పుట్టుకతోనే ఏదో విద్య ఉన్నట్టు మాట్లాడతారు చూడండి, అక్కడ మాకు మంట. చదివిన చదువుకు కొలువు దొరక్క స్క్రూడ్రైవర్ పట్టినవాళ్లం మేం. నెల జీతాల ఉద్యోగాల్లో మేమెంత తక్కువో, సొంతంగా చేసుకు బతికే పనుల్లో ఎంత ఎక్కువో 2006లో సచార్ కమిటీ రిపోర్టు చెప్పింది. మా గల్లీలకు రిపోర్టు అక్కర్లేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. అక్కడ సాఫ్ట్‌వేర్. కోఠీ గుజరాతీ గల్లీలో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల మా హార్డ్‌వేర్.

ఇంకోటుంది. మానిటర్ భుజాన పెట్టుకుని వెళ్లగానే "మీ తెలుగు బాగుందే!" అంటారు. మా అమ్మ తిట్టిందీ జోకొట్టిందీ ఈ తెలుగులోనే. బాగుండక ఏం చేస్తుంది?

పాత మానిటర్‌ని మళ్లీ వెలిగించడం మాకు ఇష్టమైన పని. ముందు వీడియో కార్డు ఊడదీసి, దాని అంచున ఉండే బంగారు పూత పలకల్ని స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దుతాం. నవ్వకండి. చచ్చిపోయిందని పారేసిన కార్డుల్లో చాలావాటి జబ్బు ఆ మకిలే. మానిటర్ డబ్బా విప్పేటప్పుడు మాత్రం భయం ఉండాలి. రంగుల పిక్చర్ ట్యూబ్‌కి 25,000 వోల్టుల దాకా ఎక్కుతుంది. ప్లగ్గు పీకినా ఆ కరెంటు లోపల దాక్కునే ఉంటుంది. ఎర్త్ చేసిన స్క్రూడ్రైవర్‌ని రబ్బరు మూత కిందికి దూర్చి, దాన్ని దింపాకే ముట్టుకోవాలి. ఒక చెయ్యి జేబులో పెట్టుకో అనేవాళ్లు ఉస్తాదులు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెమీదుగా పోతుంది కదా.

తర్వాత లెక్క. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ పద్ధతిలో, 640 బై 480 బొమ్మకి తెరమీద సెకనుకు దాదాపు 31,500 గీతలు గీయాలి. ఆ కాలపు మానిటర్లు చాలావరకు అంతే గీయగలవు. 800 బై 600 ఇస్తే దాదాపు 38,000 గీతలు అడిగినట్టు. బొమ్మ ఏటవాలుగా చిరిగిపోతుంది, సన్నగా కీచుమంటుంది. అలాగే వదిలేస్తే లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోనూవచ్చు. మోయగలిగినంతే మోపాలి. ఇప్పటి కార్డులతో ఇంకో చిక్కు. 2016లో వచ్చిన ఎన్విడియా జీఫోర్స్ 10 సిరీస్ నుంచి పాత అనలాగ్ సిగ్నలే తీసేశారు. వట్టి వైరు మార్చితే పనికాదు, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ పెట్టాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా తెర వెలగదు ఒక్కోసారి. ఎందుకంటే కంప్యూటర్ ముందు మానిటర్‌ని పేరడుగుతుంది. నీ కంపెనీ ఏది, ఏ సంవత్సరంలో పుట్టావు, నీ సైజెంత, ఎంత బొమ్మ చూపగలవు అని. జవాబు 128 బైట్ల చీటీ. 15 పిన్నుల ప్లగ్గులో 12వ పిన్ను, 15వ పిన్ను అందుకే. ఈ పద్ధతి వచ్చింది 1994లో. అంతకుముందు తయారైనవాటికి చీటీ ఎక్కడిది? జవాబు రాకపోతే కొన్ని కార్డులు అసలక్కడ మానిటరే లేదనుకుంటాయి. ఇంకొన్ని అన్నిటికన్నా తక్కువ బొమ్మ ఇచ్చి ఊరుకుంటాయి. ట్యూబ్ బాగుంది, రంగులు బాగున్నాయి, కాగితం లేదు. 2019లో పౌరసత్వ చట్టం సవరించినప్పుడు, తాతల కాగితాల కోసం మా ఇళ్లలో ట్రంకు పెట్టెలు తిరగేసినవాళ్లకి ఈ జబ్బు వివరించనక్కర్లేదు.

దీనికి మందుంది. మధ్యలో చిన్న డబ్బా తగిలిస్తాం. అది వేరే మానిటర్ చీటీ చూపిస్తుంది, కంప్యూటర్ నమ్మేస్తుంది. మావాళ్లు దుకాణానికి లక్కీ, భారత్, నేషనల్ అని బోర్డు పెట్టుకోవడం కూడా ఇలాంటి డబ్బానే. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కాఁవడ్ యాత్ర దారిపొడవునా తిండి దుకాణాలవాళ్లని పేర్లు రాసిపెట్టమన్నారు. సుప్రీంకోర్టు ఆపింది కాబట్టి సరిపోయింది. ఆ డబ్బా పీకెయ్యమనడమే కదా అది?

మా భయం మాత్రం 2007 నాటిది. మే 18న మక్కా మసీదులో, ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. ఆగస్టు పేలుళ్లలోనే 40 మందికి పైగా పోయారు. గోకుల్ చాట్ మా గల్లీ పక్కనే. మనుషులు పోయిన ఏడుపు మాకూ ఉంది. కానీ ఏడవడానికి తీరికేదీ? మా బ్యాగులో ఏముంటాయో చూడండి: వైర్లు, సర్క్యూట్ ముక్కలు, సాల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్. గడ్డం ఉన్నవాడు అవి మోసుకుని బస్సెక్కితే ఎలా ఉంటుందో మీరే అనుకోండి. ఆ ఏడాది పోలీసులు పట్టుకుపోయిన మా పిల్లల్లో చాలామంది తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. కొందరు చదువు మానేశారు, కొందరు రిపేర్లలోకే వచ్చారు.

ఇప్పుడు పాత ట్యూబ్ మానిటర్లకి మళ్లీ గిరాకీ. పాత వీడియో గేములు ఆ తెరమీదే ఆడాలని వెతుక్కుంటూ వస్తున్నారు కుర్రాళ్లు, బేరం కూడా ఆడరు. ఇంటికొచ్చి బిగించి పొమ్మంటారు. వెళ్తాం. గేటు దగ్గర బ్యాగు తెరవమంటే ముందు కనపడేలా బిల్లు పుస్తకం పైన పెడతాం, మల్టీమీటర్ అడుక్కి తోస్తాం.