రాజుగారి బంగ్లాలో నాన్న క్లాస్‌రూమ్

మొన్న రాత్రి రీల్స్ తిప్పుతుంటే పోర్చుగల్‌లోని కోయింబ్రా కనపడింది. కొండ మీద పాత రాజభవనం. 1537 నుంచి అందులో యూనివర్సిటీ నడుస్తోంది. ఒక పక్క టూరిస్టులు టికెట్ కొని లోపలికి వెళ్తుంటే, ఇంకో పక్క స్టూడెంట్స్ బ్యాగులు తగిలించుకుని క్లాసులకు పోతున్నారు. అక్కడి పాత లైబ్రరీలో గబ్బిలాలుంటాయి. పుస్తకాలు కొరికే పురుగుల్ని అవి రాత్రిపూట తినేస్తాయి. అందుకే వాటిని తరిమెయ్యరు. సాయంత్రం బల్లల మీద తోలు పరిచి వెళ్తారు, అంతే.

పక్కనే ఉన్న నాన్నకు చూపించా. కళ్లద్దాలు సర్దుకుని చూసి, "గిదేమి వింత బిడ్డా? నేను గూడ రాజు బంగ్లాలనే సదివిన" అన్నాడు.

నిజమే. నాన్న డిప్లొమా చేసింది వనపర్తి పాలిటెక్నిక్‌లో. వెయ్యిసార్లు విన్న మాట, ఒక్కసారి కూడా చూడలేదు. శనివారం ఇద్దరం బస్సెక్కాం. ముందు గద్వాల చూసి, తిరుగు దారిలో వనపర్తి అనుకున్నాం.

జాతీయ రహదారి మీద బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో కుడివైపు తిరిగితే గద్వాల. కోట ఊరి మధ్యలోనే ఉంది. గోల్కొండలా రాళ్లకోట అనుకుని వెళ్తే ముందు నిరాశే. ఇది మట్టికోట. సోమనాద్రి కట్టించింది. మూడు వందల ఏళ్ల వానలకు గోడలు అక్కడక్కడా కరిగి, చీమల పుట్టల్లా కుంగిపోయాయి. చెయ్యి పెడితే ఎర్రమన్ను అంటుకుంది. నిజాం కింద ఉన్న సంస్థానాల్లో ఇది పెద్దది. కవిపండితులను ఆదరించినందుకు 'విద్వద్గద్వాల' అని పేరు.

లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది. డిగ్రీ కాలేజీ ఉంది. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరే దానికి పెట్టారు. చెట్టు కింద నోట్స్ ఫొటోలు తీసుకుంటున్న అమ్మాయిని అడిగా, ఈ కోట ఎప్పటిదని. "ఏమో అక్కా, ఎగ్జామ్‌ల రాదు గదా" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత కొంచెం బాధేసింది.

గద్వాల వచ్చి మగ్గం చూడకుండా పోతే అమ్మ ఇంట్లోకి రానివ్వదు. ఒక నేతకారుల ఇంట్లో కాసేపు కూర్చున్నాం. చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల దారాల్నీ మగ్గం మీదే ఒకదానికొకటి మెలేసి కలుపుతారు. కుప్పడం నేత అంటే అదే. అంచు మీద కోట కొమ్ములు కూడా నేస్తారు. బయట కోట కరుగుతున్నా అంచు మీది కోట మాత్రం కొత్తగానే ఉంది. ధర వినగానే నాన్న మంచినీళ్లు అడిగాడు.

మధ్యాహ్నానికి వనపర్తి చేరాం. గేటు కనపడగానే నాన్న నడక మారింది. నన్ను వదిలేసి ముందుకెళ్లిపోయాడు. 1959లో మొదలైన పాలిటెక్నిక్ ఇది. ఈ రాజవంశానికి చెందిన జె. రామేశ్వరరావు దౌత్యవేత్తగా, ఎంపీగా పనిచేసి, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. ఆ పేరున్న ఇంగ్లిష్ పుస్తకాలు మీలో చాలామంది స్కూల్లో చదివే ఉంటారు.

నాన్నకు అవేవీ పట్టలేదు. ఒక కిటికీ దగ్గర ఆగి, "ఈడనే డ్రాయింగ్ బోర్డు పెట్టుకుంటుంటి. ఎలుతురు మంచిగుంటుండె" అన్నాడు. తాత పాలమూరు కూలీగా ఊళ్లు పట్టుకు తిరిగినవాడు. కొడుకును ఇక్కడ చేర్చిన రోజు గేటు బయటే చెప్పులు విడిచాడట. కాలేజీ అని చెప్పినా వినలేదట.

"ఇంత మంచి భవనం మ్యూజియం చేస్తే బాగుండేది కదా నాన్నా?" అన్నా.

"అప్పుడు నేనేడ సదువుతుంటి?"

నా దగ్గర జవాబు లేదు. కాలేజీలను ఖాళీ చేయించి టికెట్ కౌంటర్ పెట్టమని ఇప్పుడైతే నేననను. కానీ కోయింబ్రాలో రెండూ కలిసే నడుస్తున్నాయి కదా. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఎవరెవరు చదివారు అని తెలుగులో ఒక మంచి బోర్డు. శని, ఆదివారాల్లో వచ్చినవాళ్లకు తిప్పి చూపించి నాలుగు డబ్బులు సంపాదించుకునే స్టూడెంట్ గైడ్. ముందు ఇవి చాలు. మట్టిగోడ మాత్రం బోర్డు పెట్టేదాకా ఆగదు, దానికి ప్రతి వానాకాలానికి ముందు మనుషుల చేతులు కావాలి.

కొల్లాపూర్‌లో జటప్రోలు సంస్థానం ప్యాలెస్, సోమశిల దగ్గర కృష్ణ మిగిలిపోయాయి. వాటికి ఇంకో వారం.

తిరుగు బస్సు కొత్తకోట దాటింది. నిద్రపోయాడనుకున్న నాన్న కళ్లు తెరవకుండానే అడిగాడు.

"ఆ గబ్బిలాల కాలేజీకి టికెట్ ఎంతుంటది బిడ్డా?"