డబ్బాల లెక్క

జీపీఎస్ పట్టుకుని ఎవరో దాచిన డబ్బాలు వెతికే ఆట జియోకాచింగ్. డబ్బాకీ డబ్బాకీ కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్నది రూలు. అంత దూరంలోనే వరసగా పెట్టుకుంటూ పోతే అది 'పవర్ ట్రయల్'. కొందరికి పండగ, కొందరికి ఉత్త అంకెల పిచ్చి.

ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు నెవాడా ఎడారిలో, ఈటీ హైవే మీద ఒక్కరోజులో రెండొందలు పట్టాను. దిగు, సంతకం పెట్టు, ఎక్కు. రాత్రి నాన్నకి ఫోన్‌లో గొప్పగా చెప్పాను.

"ఏం చూస్తివిరా?" అన్నాడు.

ఒక్కటీ గుర్తు రాలేదు.

చిన్నప్పుడు మదనపల్లె నుంచి కుప్పానికి నాన్న స్కూటర్ మీద పోతూ మైలురాళ్లు లెక్కపెట్టేవాణ్ణి. ఆ లెక్క మర్చిపోయాను. పుంగనూరులో బండి ఆపి చూపించిన పొట్టి ఆవు మాత్రం ఇంకా కళ్లముందే ఉంది.

ఇప్పుడు నాన్న బండి నడపలేడు. ఈ సంక్రాంతికి నేనే నడుపుతా. దారిలో ఒక్క డబ్బా దాస్తాం. ఎక్కడన్నది నాన్నే చెప్పాలి.