పాత ఇనుములో పొంచిన ప్రమాదం



మా దర్శిలో పాత ఇనుము కొనే బండి కేక వినబడితే చాలు, మా మనవడు దొరికిన ఇనుప ముక్కనల్లా పట్టుకొని పరుగెత్తేవాడు. నేను నవ్వి ఊరుకొనేదాన్ని.

2020 జనవరిలో మన రాష్ట్రంలోనే, చమురు బావుల పనికి వాడే సీజియం-137 ఉన్న పెట్టె ఒకటి దారిలో తప్పిపోయింది. చివరికి అప్పటి కృష్ణా జిల్లా కలిదిండిలో, పాత ఇనుము కొట్టులో దొరికింది. ఆ వార్త చదివాక నా నవ్వు ఆగిపోయింది.

ఉగ్రవాదులు అణుబాంబు తయారుచేయడం అంత సులభం కాదు. కాని ఇటువంటి పదార్థం చేజిక్కితే మామూలు పేలుడు మందుతో కలిపి ఊరిమీద వెదజల్లవచ్చును. 1995లో చెచెన్ తిరుగుబాటుదారులు మాస్కోలోని ఒక పార్కులో సీజియం పాతిపెట్టి బెదిరించారు.

దురుద్దేశం లేకున్నా ప్రాణం పోతుంది. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో వదిలేసిన ఆసుపత్రి యంత్రాన్ని ఇనుము కోసం విప్పారు. లోపల నీలంగా మెరిసే పొడితో ఆడుకొన్న ఆరేళ్ల పాపతో కలిపి నలుగురు మరణించారు.

ఆ సాయంత్రమే మనవణ్ణి కూర్చోబెట్టి, పసుపు రంగుమీద మూడు రెక్కల గుర్తు గీసి చూపించాను. “ఇది కనబడితే ముట్టుకోకు నాయనా, దూరంగా జరిగి పెద్దలకు చెప్పు” అన్నాను. పెద్దలమైన మనం పోలీసులకు చెప్పాలి. మీ పిల్లలకు కూడ ఆ గుర్తు చూపించండి.