మూడు పలకలలో నొక గోదావరి

రంగుటద్దముల కిటికీ యనగనే దేవాలయములకును, ధనికుల మేడలకును మాత్రమే తగునని తలతుము. బడిపంతులుగారి యిల్లాలికి దానితో నేమి పనియని మీరు నవ్వవచ్చును. మా అత్తగారు ప్రతిదినము గోష్పాదరేవున గోదావరీస్నానము చేసెడివారు. మోకాళ్లనొప్పులచే నిప్పుడు గడప దాటలేరు. వారి గదికిటికీ వీథివైపున నుండుటచే సదా మూసియే యుండును. వెలుతురు రావలెను, వీథివారి చూపు రారాదు, గోదావరి కానరావలెను. ఈ మూడును సమకూరునట్లు చిత్తరువు వ్రాయ బూనితిని.

తెలుగునాట నీకళకు మెదకులోని క్రైస్తవ దేవాలయము పేరెన్నిక గన్నది. 1924లో ప్రారంభమైన యా మందిరమునకు ఫ్రాంక్ సాలిస్‌బరీ యను నాంగ్లేయ చిత్రకారుడు రచించిన కిటికీలు 1927, 1947, 1958 సంవత్సరములలో నమరినవి. రంగుగాజుముక్కలను సీసపుకమ్ములతో గూర్చుటయే యీ విద్య.

మా కిటికీకి మూడు పలకలు. వాని నడుమ రెండేసి యంగుళముల కొయ్యకమ్ములు రెండు. కిటికీయంత కాగితముపై ముందుగా నాకమ్ములను సరియైన వెడల్పున గీచి, పిమ్మట నవి లేనట్లే వానిమీదుగా చిత్రమును సాగింపవలెను. కమ్మిచాటున నుండు భాగమునకు గాజు వేయము. కాని గీయక తప్పదు. పలకలను చేర్చి గీచి, పిదప విడదీసినచో అడ్డగీతలకు హాని లేదుగాని, వాలుగీత విరిగినట్లు తోచును. ముఖము, దీపము వంటివి కమ్మిచాటున బడరాదు.

ముగ్గువలె నిచటను గీత యేదియు నడుమ నాగరాదు. ప్రతిగీతయు సీసపుకమ్మియే గాన ప్రతిముక్కయు నన్నివైపుల మూయబడవలెను. లోనికి మిక్కిలి వంగిన ముక్క కోయునప్పుడే పగులును. కావున వంతెనక్రింది యాకాశమును ముక్కలుగా విభజించి, తెరచాపకొయ్యలనే విభాగరేఖలుగా జేసితిని. ముదురురంగు లంచులకును, లేతరంగులు నడుమకును ఉంచితిని. లేనిచో గది చీకటియగును.

1997లో వచ్చిన విల్లువంతెన వ్రాయనెంచగా, అత్తగారు, “అమ్మాయీ! పెండ్లినాడు నన్ను రైలు తెచ్చినది పాతవంతెనమీద గదా, అదియే వేయుము” అనిరి. 1900లో తెరచిన యా 56 ఖానాల వంతెనపై 1997తో రైళ్లు నిలిచినవి. సరియే యంటిని.

గాజు కోయింపకముందు పలుచని రంగుకాగితములు కిటికీకంటించి చూచుట మేలు. పగలు లోనివారికి గనబడు చిత్రము రాత్రి దీపము వెలిగింపగా వీథివారికి గనబడును, ఇదియు గమనింపవలెను. మేమట్లే యంటించితిమి. అత్తగారు ముక్కు మొదటిపలకను, చుక్కాని రెండవపలకను ఉన్న పడవను వ్రేలితో తడవుచు, కమ్మికడ నాగకయే సాగిపోయిరి. గాజుపనివానికి కాగితము పంపవచ్చునని నాకపుడు నమ్మకము కలిగినది.