ప్రయాణపు బరువు

కొలరాడోలోని మా అబ్బాయి తన పికప్ ట్రక్కును సంచారగృహంగా మార్చుకున్నాడు. వెనుక తొట్టిలో ప్లైవుడ్ మంచం, దాని క్రింద సొరుగులు, ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ. "బరువైనవి అడుగున, వెనుక ఇరుసుకు ముందు ఉండాలి నాన్నగారూ. 40 లీటర్ల నీళ్ళంటే 40 కిలోలు" అంటూ ప్రతి వస్తువునూ తూచాడు.

1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి సామాను బోయీలు మోశారు. ఇక్కడ మోసేది ఇరుసు. నా పుస్తకాల పెట్టె 18 కిలోలు తూగింది. మారుమాటాడక దింపేశాను.

మంచం ఇద్దరికి సరిపడా ఉంది. "నీవొక్కడివేగా?" అన్నాను.

"మీరు రారా?"

మోకాళ్ళ నొప్పులు సాకుగా చెప్పబోయాను. వెనుక తలుపు వద్ద అప్పటికే చెక్కమెట్టు బిగించి ఉంది.

వచ్చే వారం బయలుదేరుతున్నాము. తిరిగి వచ్చిన పిమ్మట విశేషాలు వ్రాస్తాను.