మిలిటరీ పచ్చ విడిచిన జీపు

పల్లెల నుండి హైదరాబాదు వచ్చేవారికి అమీర్‌పేట, పంజగుట్ట రెండూ తెలిసిన పేర్లే. కొడుకునో కూతురినో కంప్యూటరు కోర్సులో చేర్పించడానికి అమీర్‌పేట వస్తారు. ఇంట్లో పెద్దవారికి జబ్బు ముదిరితే పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి వస్తారు. మెట్రో రైలులో ఈ రెంటికీ మధ్య ఒక్క స్టేషనే దూరం. 2018 సెప్టెంబరులో ఈ దారిన రైళ్ళు మొదలైనప్పటి నుండి చాలామంది ఈ రోడ్డును పైనుండే చూసి వెళ్ళిపోతున్నారు. మేము మాత్రం ఒక శనివారం ఉదయం కాలినడకన బయలుదేరాము. పాత మిలిటరీ జీపులను బాగుచేసి, వాటిని నడిచే స్థితిలో కాపాడుకునే సరదా కొందరికి ఉన్నదని విన్నాము. ఆ పని ఎలా సాగుతుందో కళ్ళారా చూడాలన్నది మా కోరిక.

ఈ సరదాకు ఈ చోటు తగినదే. అమీర్‌పేట, పంజగుట్టల మీదుగా పోయేది పాత బొంబాయి రోడ్డు. పడమటికి వెళితే పటాన్‌చెరు, జహీరాబాదు దాటి షోలాపూరు వైపు సాగుతుంది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యపు ప్రధాన దళం ఆ షోలాపూరు వైపు నుండే హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 18వ తేదీన నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయారు. ఇక సికింద్రాబాదు 1806 నుండి దండు ఊరే. సైనిక వాహనాలను, యంత్రాలను బాగుచేసే విద్య నేర్పే ఇ.ఎం.ఇ. కళాశాల అక్కడి తిరుమలగిరిలోనే ఉన్నది. అమీర్‌పేటకు ఆనుకొని ఉన్న సనత్‌నగర్‌లో 1942లో మొదలైన ఆల్విన్ కర్మాగారం బస్సుల బాడీలు కట్టింది. ఆ కర్మాగారం మూతపడింది గాని, లేత్ మిషన్లు, టింకరింగ్ పని తెలిసిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. విడిభాగాలు కావాలంటే రాణీగంజ్, కాగితాల పనికి ఖైరతాబాదు రవాణా కార్యాలయం. రెండూ దగ్గరే.

జీపు పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1940లో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే చిన్న బండి కావాలని కోరింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ సంవత్సరం సెప్టెంబరులోనే మొదటి నమూనా బండిని అప్పగించింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1945 నాటికి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. దాని ఇంజనుకు నాలుగు సిలిండర్లు, 60 గుర్రాల బలం. ముందు అద్దం బానెట్టు మీదికి వాల్చవచ్చు. హెడ్‌లైటును వెనక్కి తిప్పితే రాత్రిపూట ఇంజను మీదే వెలుగు పడుతుంది. చీకట్లో, బురదలో, చేతికందిన పనిముట్లతో మరమ్మతు చేసుకోవలసిన సైనికుని కోసం ఆలోచించి చేసిన ఏర్పాటు అది. మన దేశంలో 1940ల చివర మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. జబల్‌పూర్ కర్మాగారంలో 1969 నుండి తయారైన జోంగా బండి కూడా దశాబ్దాలపాటు సైన్యంలో పనిచేసి, పదవీ విరమణ పొంది జనంలోకి వచ్చింది.

బల్కంపేట వైపు ఒక సందులో మేము చూసిన షెడ్డులో ఒక విల్లీస్ జీపు చక్రాలు లేకుండా దిమ్మల మీద నిలబడి ఉన్నది. అందరూ ఉస్తాద్ అని పిలిచే మెకానిక్కుకు డెబ్బై ఏళ్ళు ఉంటాయి. ఈ ఇంజనులో వాల్వులు పైన కాక పక్కన ఉంటాయి. ఆయన పక్క మూత విప్పి, రెండు స్పానర్లతో సందు సరిచేస్తున్నారు. ఎంత సందు ఉండాలో కొలవడానికి పలుచని రేకుల గేజి ఉన్నది. అయినా ఆయన ఒకసారి కొలిచి, ఇంజను స్టార్టు చేయించి, తల పక్కకు వంచి విన్నారు.

"ఇది పుస్తకంల ఉండదు సార్, చెవిల ఉంటది" అన్నారు నవ్వుతూ.

జీపు యజమాని పక్కనే ఉన్నారు. ఈ ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టించుకుంటే ఖర్చు కలిసి వస్తుందని ఆయనకు చాలామంది చెప్పారట. మన పల్లెల్లో పాత జీపులకు ఆ మార్పు మామూలే. రోజూ కూలీలను, బస్తాలను మోసే బండికి అది తెలివైన పనే. ఇంజను మారిస్తే ఆర్.సి.లో తప్పక నమోదు చేయించాలి. కాని పాతదనం కాపాడాలనుకున్న బండికి అది చేటు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజను పెద్ద మార్పులకు గురికాని బండికి వింటేజ్ గుర్తింపు లభిస్తుంది. నంబరులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల రుసుము. అది పదేళ్ళు చెల్లుతుంది. అయితే ఆ బండిని రోజువారీ తిరుగుళ్ళకు, బాడుగకు వాడరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. అందుకే ఉస్తాద్ ఆ యజమానితో ముందే అన్నారట: "బండి కావాల్నా, జ్ఞాపకం కావాల్నా మీరే జెప్పుండ్రి. రెండూ ఒక్కదాంట్ల రావు." యజమాని జ్ఞాపకాన్నే ఎంచుకున్నారు.

మమ్మల్ని ఆలోచింపజేసినది రంగు సంగతి. ఆ జీపు పుట్టినప్పటి రంగు మిలిటరీ పచ్చ. గీకినచోట పాత పచ్చ ఇంకా కనబడుతున్నది. కాని మన మోటారు వాహనాల నియమాల ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆ ఆలివ్ పచ్చ వేయరాదు. ఎంత శ్రద్ధగా బాగుచేసినా, దానికి మొదటి రంగు తిరిగి ఇవ్వడానికి వీలులేదు. యజమాని ఇసుక రంగు ఎంచుకున్నారు. మొదట మాకు కాస్త వెలితిగా తోచింది. తరువాత న్యాయమే అనిపించింది. కొలువు ముగిసిన సైనికుడు యూనిఫాం మడిచి పెట్టెలో పెట్టి, పంచె కట్టుకొని పొలానికి వెళ్ళడం లేదా?

యుద్ధానికి పుట్టిన బండిని ఇంతగా ముద్దు చేయడమెందుకని కొందరు అడగవచ్చు. మన ఊళ్ళలో జీపు ఏ పని చేసిందో గుర్తు చేసుకుంటే జవాబు దొరుకుతుంది. బస్సు రాని ఊళ్ళకు అదే బస్సు. నొప్పులు పడే తల్లిని ఆసుపత్రికి చేర్చినది అదే. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ వాగు దాటి వచ్చినది జీపులోనే అని చెప్పే పెద్దలు ఎందరో ఉన్నారు. తుపాకి మోసిన బండే తరువాత మందులపెట్టె మోసింది.

నిజమైన దిగులు ఇనుమును గూర్చి కాదు. తుప్పు పట్టిన రేకును కోసి కొత్తది అతకవచ్చు. దొరకని భాగాన్ని లేత్ మీద చేయించవచ్చు. ఆ చెవి, ఆ చేయి మాత్రం కొనుక్కుంటే వచ్చేవి కావు. "ఇద్దరు పోరగాళ్ళు వచ్చిండ్రు, నాలుగు నెలలు ఉండి పోయిండ్రు" అన్నారు ఉస్తాద్. ఆ పిల్లలను మేము తప్పుపట్టలేము. సందు దాటి రోడ్డు మీదికి వస్తే అడుగడుగునా కోర్సుల బోర్డులే. అన్ని విద్యలూ మూడు నెలల్లో నేర్పుతామనే ఆ బోర్డులలో కార్బురేటరు విప్పి బిగించడం నేర్పే బోర్డు ఒక్కటీ కనబడలేదు.

మీ ఊరిలో ఏ చింతచెట్టు కిందో, గడ్డివాము పక్కనో పాత జీపు పడి ఉంటే పాత ఇనుము వాడికి తూకానికి ఇచ్చేముందు కాస్త ఆగండి. ముందువైపు జాలీలో నిలువు సందులు లెక్కపెట్టండి. తొమ్మిది ఉంటే యుద్ధకాలపు జాలీ, ఏడు ఉంటే తరువాత వచ్చిన పౌరుల జీపుది కావచ్చు. బోల్టుల తలమీద ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే అవి ఫోర్డ్ కంపెనీవి. ఆర్.సి. పుస్తకం ఎక్కడున్నదో వెదికి భద్రపరచండి. ఆత్రపడి వెంటనే స్టార్టు చేయవద్దు. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కొంచెం నూనె పోసి, ఒకరోజు నాననిచ్చి, హ్యాండిలుతో మెల్లగా తిప్పి చూడండి. ట్యాంకులోని పాత పెట్రోలు తీసేయండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. అది పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను పాడుచేస్తుంది గనుక వాటిని ముందే మార్పించండి. ఎలుకలు కొరికిన వైర్లు, బ్రేకులు సరిచూడకుండా రోడ్డెక్కించవద్దు.

అన్నిటికంటె ముందు, మీ మండలంలో జీపు పని తెలిసిన ముసలి మెకానిక్కు ఎవరైనా మిగిలి ఉంటే ఆయన దగ్గరకు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో పనిమీద ఆసక్తి ఉన్న కుర్రవాణ్ణి వెంట తీసుకువెళ్ళండి. జీపు బాగుపడినా పడకపోయినా, ఆ పిల్లవాడు ఒక పెద్దాయన చెవితో వినడం నేర్చుకొని వస్తాడు.