కోత ఎక్కడ పెట్టాలి?

ఖజానాలో లోటు రాగానే ముందుగా కత్తెర పడేది సాంస్కృతిక మార్పిడి కార్యక్రమాల మీదే. 2025లో అమెరికా ప్రభుత్వ బడ్జెట్ ప్రతిపాదనలోనూ అంతే. కానీ ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ పుట్టిందే యుద్ధం అప్పుల్లో ముంచేసిన 1946లో! విదేశాల్లో మిగిలిన యుద్ధసామగ్రి అమ్మిన డబ్బును చదువుల రాకపోకలకు మళ్లించాలన్నది సెనేటర్ ఫుల్‌బ్రైట్ ఆలోచన. మనమూ గణతంత్రమైన వారానికే, 1950 ఫిబ్రవరి 2న, అమెరికాతో ఫుల్‌బ్రైట్ ఒప్పందం మీద సంతకం పెట్టాం. తిండిగింజలకే కటకటలాడుతున్న రోజులవి. 2008లో కుదిరిన కొత్త ఒప్పందం తర్వాత ఈ స్కాలర్‌షిప్పుల ఖర్చులో మన ప్రభుత్వమూ సమాన వాటా భరిస్తోంది.

ఆర్భాటపు ఉత్సవాలు, అధికారుల బృందాల విమాన ఖర్చులు తగ్గించండి, కాదనను. ఈ స్కాలర్‌షిప్పుల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఉన్నవాళ్ల పిల్లలు ఎలాగూ విదేశీ చదువులకు వెళ్తారు. ఆగిపోయేది వీటి మీదే ఆశ పెట్టుకున్నవాళ్లు.